పొరుగాయన చెయ్యి

మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవిలో మా జర్మన్ కంపెనీ కందకానికి ఒక వంపు ఉండేది. దాన్ని కరచాలనం మూల అనేవాళ్లం. పొద్దు వాలాక అటు ఒంటరిగా పొమ్మంటే, ఫ్రెంచివాళ్ల మరతుపాకులకు ఎదురెళ్లి వచ్చిన వస్తాదులు కూడా కడుపునొప్పి అని మెలికలు తిరిగేవాళ్లు.

ఆ మూలలో మట్టిగోడలోంచి ఒక చెయ్యి బయటికి ఉండేది. మణికట్టు దాకా. అంతే... మిగతా మనిషంతా గోడ లోపల. మనవాడో, ఫ్రెంచివాడో ఎవరికీ తెలియదు. మేం ఆ కందకానికి వచ్చేనాటికే ఉంది. నల్లబడి, ఎండిన తోలులా బిగుసుకుని, వేళ్లు కాస్త వంచి — ఏదో ఇవ్వమని అడుగుతున్నట్టు ఉండేది. మేం ఆయన్ని పొరుగాయన అనేవాళ్లం.

మూల దాటి ముప్పై అడుగులు పోతే చెవి గుంట. అందులో ఒక్కడే బోర్లా పడుకుని, శత్రువు కందకంలో చప్పుళ్లు గంటసేపు వినాలి. అక్కడికి వెళ్లే ప్రతివాడూ పొరుగాయనతో చెయ్యి కలిపి, తన బాధ ఒకటి చెప్పుకుని పోవాలి. అది మా ఆచారం. చెప్పుకున్నవాడు తిరిగొస్తాడు. చెప్పుకోకుండా పోయినవాళ్లు ఇద్దరున్నారు... ఇద్దరూ రాలేదు.

ఇంకో మాట కూడా ఉండేది. దాన్ని గట్టిగా అనేవాళ్లు కాదు. పొరుగాయన ఎవడి చెయ్యి తిరిగి నొక్కుతాడో, వాడికి తెల్లారదు.

నేను ఆ కంపెనీలో వంటబండి తోలేవాణ్ణి. ఈ కథలో కొంత నా కళ్లారా చూశాను. మిగతాది కోర్బినియన్ స్టాడ్లర్ చెప్పగా విన్నాను. కోర్బినియన్ మా ఊరి వడ్రంగి. అబద్ధం ఆడటం వాడికి చేతకాదు. ఆ విద్యలో ఆరితేరినవాడు మా లెఫ్టినెంట్ హాగెన్‌బుష్.

లెఫ్టినెంటుగారు యుద్ధానికి ముందు బడిపంతులు. ఆయనకు రెండు వస్తువులంటే ప్రాణం. ఒకటి, కుడి మణికట్టుకు కట్టుకునే గడియారం. అప్పట్లో కొత్త ఫ్యాషన్. టైము ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. రెండోది, నల్ల అట్ట నోటుపుస్తకం. అందులో తన యుద్ధ జ్ఞాపకాలు రాసుకునేవాడు. జరిగినవి రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మేం పగలంతా పడుకుని రాత్రి ముళ్లతీగె వేసి వచ్చేసరికి, "నేను ముళ్లతీగె వేసితిని" అని ఆయన పొడి మేజోళ్లు తొడుక్కుని రాసేవాడు.

పంతొమ్మిది వందల పదిహేడు, ఫిబ్రవరి నెల. కోర్బినియన్ సెలవు చీటీ లెఫ్టినెంటు బల్లమీద ఉంది. బెటాలియన్ ముద్ర పడిపోయింది. కింద ఒక్క సంతకం కావాలి. ఊళ్లో వాడు చేసుకోబోయే అఫ్రా తొమ్మిదో నెల కడుపుతో ఉంది. ఫాదరీగారు గురువారం పెళ్లి ఖాయం చేశారు. ఆ గురువారం దాటితే ఉపవాస దినాలు, ఈస్టరు అయ్యేదాకా చర్చిలో పెళ్లి లేదు. అంటే బిడ్డ తండ్రి పేరు లేకుండా పుడుతుంది. మా బవేరియా పల్లెల్లో అలా పుట్టిన పిల్ల బతుకు ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం సంతకం పడాలి, సోమవారం పొద్దున్నే రైలెక్కాలి.

ఆదివారం మధ్యాహ్నం లెఫ్టినెంటు వాణ్ణి పిలిచాడు.

"స్టాడ్లర్, రేపు జనరల్‌గారు చూడ్డానికి వస్తున్నారు. ఆ మూలలో చెయ్యి ఆయన కంటపడకూడదు. సాయంత్రానికల్లా తీసెయ్. నువ్వు వడ్రంగివి, రంపం ఉంది కదా. చెయ్యి పోతేనే సంతకం."

"లెఫ్టినెంటుగారూ, అది... మనిషి చెయ్యండీ."

"అది క్రమశిక్షణకు భంగం. పో!"

కోర్బినియన్ రంపం పట్టుకుని మూలకు వెళ్లాడు. పొరుగాయన వేళ్లు చూశాడు. వాడి చెయ్యి లేవలేదు. రోజూ తన గోడు విన్న మనిషిని ఎలా కోస్తాడు?

మా సార్జెంట్ వుర్ట్సర్ వెనకే వచ్చాడు. పాతికేళ్ల సర్వీసు, ఎవరికీ భయపడని మీసం.

"ఒరేయ్ వడ్రంగీ, కోయమన్నాడని కోసేస్తావా? ఇన్నేళ్లలో నేనేం నేర్చుకున్నానో చెప్పనా? పని చెయ్యకపోయినా పర్లేదు, రిపోర్టు మాత్రం బాగుండాలి."

ఇద్దరూ కలిసి తడి బంకమట్టి తెచ్చి చేతిమీద మెత్తారు. దాని మీద ఇసుకబస్తా ఆనించారు. గోడ నున్నగా, పెళ్లింటి అరుగులా తయారైంది. ఆరింటికి సార్జెంటు మడమలు చప్పుడయ్యేలా నిలబడి రిపోర్టు ఇచ్చాడు — "ఆజ్ఞ అమలైంది!"

లెఫ్టినెంటు సెలవు చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"నా కళ్లతో చూశాకే సంతకం."

ఎనిమిదింటికి ఆయన ఒక్కడే లాంతరు లేకుండా బయల్దేరాడు. కాసేపటికి ఫ్రెంచి మోర్టారు గుండు ఒకటి ఎక్కడో దగ్గర్లోనే పడింది. నేల కదిలింది. మేం తలదాచుకునే నేల బొరియ కప్పు నుంచి మట్టి రాలి మా సూపులో పడింది. దుంపల సూపు కాబట్టి రుచి ఏమీ చెడలేదు.

లెఫ్టినెంటు తిరిగి రాలేదు. ఎవరూ కంగారు పడలేదు. ఆదివారం రాత్రుళ్లు ఆయన బెటాలియన్ భోజనానికి వెళ్లి, బీరు దిగాకే వచ్చేవాడు.

తొమ్మిదింటికి చెవి గుంట వంతు అలోయిస్‌ది. పోయిన పావుగంటలో పరిగెత్తుకుంటూ వచ్చేశాడు.

"పొరుగాయన... బయటికొచ్చేశాడు..."

"బయటికొచ్చేశాడా?"

"మూల విరిగిపడింది. మట్టంతా జారిపోయింది. చెయ్యి మళ్లీ బయటికుంది. నేను చెయ్యి కలిపి చెప్పుకున్నా — లెఫ్టినెంటు బొరియలో బీరు, మాకు దుంపల నీళ్లు, ఇదేం న్యాయం పొరుగాయనా అని. అప్పుడు... నొక్కాడురా! గట్టిగా నొక్కాడు!"

అలోయిస్ ఒక మూల కూర్చుని వాళ్లమ్మకు ఆఖరి ఉత్తరం మొదలెట్టాడు.

పదింటికి గెబ్‌హార్డ్ వెళ్లాడు. వాడు దేన్నీ నమ్మే రకం కాదు. వెళ్లేముందు మీసం కూడా దువ్వుకున్నాడు. పావుగంటలో వాడూ వచ్చాడు... నాలుగు కాళ్లమీద పాకుతూ.

"ముళ్లతీగె వేసింది మేము, పుస్తకంలో రాసుకునేది ఆయనా అని చెప్పుకున్నా. అంతే. నా వేళ్లు విరిగేలా పట్టుకున్నాడు... వదల్లేదు... లాక్కుని వచ్చా."

గెబ్‌హార్డ్ తన పొగాకు తిత్తి ఒకడికి, ఇంటి నుంచి వచ్చిన సాసేజి ఒకడికి పంచిపెట్టి, చేతులు గుండెలమీద పెట్టుకుని పడుకున్నాడు. సాసేజి నాకే వచ్చింది. చావబోయేవాడి మాట కాదనలేక తిన్నాను.

పదకొండింటికి కోర్బినియన్ వంతు.

పొరుగాయన నొక్కుతాడన్న భయం ఒకవైపు. చెయ్యి బయటికుందన్న భయం అంతకన్నా పెద్దది. లెఫ్టినెంటు తిరిగొస్తూ చూశాడంటే సంతకం ఉండదు. గురువారం ఉండదు. బిడ్డకు పేరుండదు.

వాడు రంపం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా రంపంతో?" అన్నాడు సార్జెంటు గుసగుసగా.

"మధ్యాహ్నం చెయ్యాల్సిన పని... ఇప్పుడు చేస్తా."

సార్జెంటు పక్కకు జరిగి దారిచ్చాడు.

చినుకులు పడుతున్నాయి. కందకంలో మోకాలిలోతు బురద. వాడి అడుగుల చప్పుడు వాడికే వెనకనుంచి ఎవరో వస్తున్నట్టు వినపడుతోంది. ఆగితే అదీ ఆగుతోంది... నడిస్తే అదీ నడుస్తోంది. పందికొక్కులు కూడా ఆ రాత్రి ఆ మూలలో లేవట.

చీకట్లో గోడ తడుముకుంటూ పోయాడు. కూలిన మట్టి గుట్టగా ఉంది. దాని మీద చెయ్యి ఆడించాడు. తగిలింది.

చెయ్యి...

ఎప్పుడూ ఉండేచోటు కాదు. ఒక జానెడు కిందికి ఉంది.

కోర్బినియన్ దాన్ని పట్టుకుని, తన గోడు చెప్పుకున్నాడు.

"పొరుగాయనా, క్షమించు. నీ మీద నాకేం కోపం లేదు. ఆ లెఫ్టినెంటు గాడిద నిన్ను తీసేస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. వాడి సంతకం చేసే చెయ్యి పడిపోనూ! అఫ్రా ఎదురుచూస్తోంది. కాస్త ఓర్చుకో... త్వరగా అయిపోతుంది."

రంపం మణికట్టు మీద ఆనించాడు. ఒక్కసారి లాగాడు —

చెయ్యి ఎగిరిపడింది! వాడి మణికట్టును పిడికిట్లో బిగించింది!

వాడి పైప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామంటే చెయ్యి వదలదు. అయిపోయింది, నాకు తెల్లారదు అనుకున్నాడు. అఫ్రా మొహం, ఇంకా చూడని బిడ్డ మొహం కళ్లముందు తిరిగాయి.

అప్పుడు వినపడింది.

టిక్... టిక్... టిక్...

కోర్బినియన్ చెవి ఆనించాడు. తడి చొక్కా మడత కింద నుంచి వస్తోంది... టిక్... టిక్...

పొరుగాయన చేతికి గడియారం ఎక్కడిది? ఉండుంటే మావాళ్లు మొదటిరోజే ఊడదీసుకునేవాళ్లు.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. బురద పూసుకున్న ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

కోర్బినియన్ నాతో దాచకుండా చెప్పాడు — ఒక్క నిమిషం ఆలోచించానని. ఆ మట్టి అలాగే వదిలేసి బొరియకు పోతే అడిగేవాడు లేడు. రేపు వేరే అధికారి వస్తాడు, వాడు సంతకం పెట్టచ్చు. ఆ నిమిషంలో గడియారం అరవైసార్లు కొట్టుకుంది. అరవై ఒకటోసారికి వాడు రంపం అవతల పారేసి, రెండు చేతులతో మట్టి తవ్వడం మొదలెట్టాడు.

"సార్జెంటుగారూ! పారలు! పారలు తెండి!"

అందరం పరిగెత్తాం. అలోయిస్ కూడా ఉత్తరం సగంలో వదిలేసి వచ్చాడు. లాంతరుకు గుడ్డ కప్పి తవ్వాం. గోడకు కొట్టిన చెక్కలు అడ్డంగా విరిగి, మొహం ముందు చిన్న గూడులా నిలబడ్డాయి. ఆ గాలితోనే లెఫ్టినెంటు మూడు గంటలు బతికాడు. అరిచిన అరుపంతా మట్టి మింగేసింది. మేం చెప్పుకున్న బాధలన్నీ మాత్రం ఆయన చెవిన పడ్డాయి.

బీరు, ముళ్లతీగె, గాడిద... అన్నీ.

ఎడమచెయ్యి వైపు తవ్వుతుంటే సార్జెంటు ఆగిపోయాడు. లాంతరు దగ్గరికి తెచ్చాడు. లెఫ్టినెంటు ఎడమచెయ్యి ఇంకో చేతిలో ఉంది. నల్లటి, ఎండిన చేతిలో. చీకట్లో తనకోసం వచ్చిన మనిషి అనుకుని ఆయన పొరుగాయన చెయ్యే పట్టుకుని, అంతసేపూ వదల్లేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఎవరి వేళ్లు ఎక్కువ గట్టిగా పట్టుకున్నాయో చెప్పడం కష్టమని కోర్బినియన్ అనేవాడు.

లెఫ్టినెంటు కళ్లు తెరిచాడు. నోట్లో మట్టి ఉమ్మాడు.

"నా నోటుపుస్తకం?"

"జేబులోనే ఉందండీ."

అప్పుడాయన చూపు పక్కన గోడ మీద పడింది. పొరుగాయన అక్కడే ఉన్నాడు, చెయ్యి చాచుకుని.

"స్టాడ్లర్... ఆ చెయ్యి ఇక్కడే ఉంది. రిపోర్టు అబద్ధం. సెలవు... లేదు."

ఆ ముక్క అని మూర్ఛపోయాడు.

ప్రాణం పోసినవాడికి దక్కిన కృతజ్ఞత అది. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది.

సార్జెంటు లెఫ్టినెంటు కోటు జేబులోంచి సెలవు చీటీ తీశాడు. ముద్ర ఉంది. సంతకం ఖాళీ. దాన్ని తూటాల పెట్టె మీద, పొరుగాయన చేతి కింద పరిచాడు. తన పెన్సిలు తీసి ఆ నల్లటి వేళ్ల మధ్య దూర్చాడు.

"బతికున్నవాళ్లకు జాలి లేదు. నీకైనా ఉంటే పెట్టవయ్యా పొరుగాయనా."

వికారమైన నవ్వు ఒకటి నవ్వి, లెఫ్టినెంటును ఎక్కించిన స్ట్రెచర్ ముందుభాగం ఎత్తాడు. అందరం డాక్టరు దగ్గరికి మోసుకుపోయాం. కోర్బినియన్ మాత్రం తన గంట పూర్తి చెయ్యడానికి చెవి గుంటకు పోయాడు. జర్మన్ సైన్యంలో ఆకాశం ఊడిపడినా వంతు వంతే.

గంట తర్వాత వాడు తిరిగొచ్చి అగ్గిపుల్ల గీశాడు. చీటీ పెట్టె మీదే ఉంది. ఖాళీ స్థలంలో కోడి కెలికినట్టు ఒక సంతకం ఉంది.

సార్జెంటు తిరిగొచ్చి పెట్టుంటాడు అనుకున్నాడు వాడు. తెల్లారి వాడి చేతిలో చీటీ చూసి సార్జెంటు ఏమీ అడగలేదు. అధికారి సంతకం దొంగతనంగా పెడితే గోడకు నిలబెట్టి కాలుస్తారు. అలాంటి సంగతులు తెలివైనవాడెవడూ నోటితో అనడు.

స్టేషన్‌కు వాణ్ణి నా వంటబండి మీదే దింపాను. గేటు దగ్గర మిలిటరీ పోలీసు చీటీ తీసుకున్నాడు. వాడు ముద్ర చూశాడు. గుండ్రంగా, చక్కగా, డేగ బొమ్మతో ఉంది. అంతే, మడమలు చప్పుడు చేసి దారి ఇచ్చాడు. మా దేశంలో ముద్ర ఉంటే చాలు, సంతకం ఎవడు చదువుతాడు?

గురువారం పెళ్లయింది. ఆ పై మంగళవారం ఆడపిల్ల. పేరు జెంజి. జెంజి స్టాడ్లర్.

జనరల్‌గారు పంటినొప్పి వచ్చి ఆగిపోయారట. అలోయిస్, గెబ్‌హార్డ్ ఇద్దరూ ఇవాళ్టికీ బతికున్నారు. గెబ్‌హార్డ్ నన్ను సాసేజి అడుగుతూనే ఉన్నాడు. కోర్బినియన్ సెలవు నుంచి వచ్చేసరికి ఫ్రెంచి ఫిరంగులు ఆ మూలను మొత్తం లేపేశాయి. పొరుగాయన జాడ లేదు.

పద్నాలుగేళ్లు గడిచాక లెఫ్టినెంటు పుస్తకం అచ్చయింది. నల్ల నోటుపుస్తకమే, ఈసారి బంగారు అక్షరాలతో. మా ఊరి సారాయి హోటల్లో చదివి వినిపించడానికి వచ్చాడు. పాత కంపెనీవాళ్లం ముందు వరసలో కూర్చున్నాం.

నూటపన్నెండో పేజీ తీశాడు.

"ఆ సమాధిలో నేనుండగా, నా సైనికులు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని కన్నీటితో వీడ్కోలు చెప్పారు..."

అలోయిస్‌కు బీరు పొలమారింది.

"...శత్రువు బయొనెట్టు నా మణికట్టును చీల్చింది." చొక్కా పైకి లాగి మచ్చ కూడా చూపించాడు. కోర్బినియన్ తల వంచుకున్నాడు. తన రంపం పళ్ల వరుస వాడికి తెలియదా?

"...నమ్మకస్తుడైన సార్జెంటు వుర్ట్సర్ నా ఎడమచెయ్యి పట్టుకుని, నేను అధైర్యపడినప్పుడల్లా మెల్లగా నొక్కుతూనే ఉన్నాడు."

మేం ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నాం. చచ్చినవాడు నొక్కాడట! అబద్ధానికైనా హద్దుండాలి.

"...గాయపడిన చేత్తోనే ఒక పేద సైనికుడి సెలవు చీటీ మీద సంతకం చేసితిని. ఒక బిడ్డకు తండ్రి పేరు దక్కింది."

కోర్బినియన్ లేచాడు. ఆ చీటీని వాడు పెళ్లి కాగితంతో పాటు ప్రార్థన పుస్తకంలో దాచుకున్నాడు. తీసుకెళ్లి బల్లమీద పెట్టాడు.

"ఇదేనా అండీ ఆ సంతకం?"

లెఫ్టినెంటు ఒక్క చూపు చూసి ఛాతీ పొంగించాడు. "ఇదే! చూడండి, ఆ వణుకు! రక్తం కారుతున్న చేత్తో పెట్టిన నా సంతకం!" అదే ఊపులో పుస్తకం మీద కూడా సంతకం చేసి, జెంజి చేతికిచ్చాడు.

జెంజి అప్పటికి పద్నాలుగేళ్ల పిల్ల, కళ్లు చురుకు. పుస్తకం ఒక చేతిలో, చీటీ ఒక చేతిలో పట్టుకుని దీపం కిందికి వెళ్లింది.

"నాన్నా, ఇవి రెండూ ఒకటి కావు. దీని మీద హాగెన్‌బుష్ అని లేదు."

"మరేముంది?"

"ఫిర్... మాన్... కార్... దో. ఫిర్మాన్ కార్దో. ఫ్రెంచి పేరులా ఉంది నాన్నా."

సార్జెంటు వుర్ట్సర్ గ్లాసు బల్లమీద పెట్టాడు. "ఒరేయ్ వడ్రంగీ..." గుసగుసగా అన్నాడు, "నువ్వు పెట్టుకున్నావనుకున్నా కదరా."

"నేను... మీరు పెట్టారనుకున్నానండీ."

ఇద్దరూ పద్నాలుగేళ్లు నోరు మూసుకున్నది ఇందుకు.

లెఫ్టినెంటు సార్జెంటు వైపు తిరిగాడు. "వుర్ట్సర్," అన్నాడు, "నా ఎడమచెయ్యి పట్టుకున్నది నువ్వే కదా?"

"కాదండీ. నేను బొరియలో ఉన్నా."

ఆయన తన ఎడమచెయ్యి వైపు చూసుకుని, మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఆ రాత్రి బయటికి తియ్యలేదు.

అఫ్రా ఏటా నవంబరులో, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజున, ఆ పేరుకు చర్చిలో దీపం పెట్టిస్తుంది. పుస్తకం నా దగ్గరా ఒకటి ఉంది, అందులో ప్రతి అబద్ధం కింద గీత గీసి పెట్టుకున్నాను. నూటపన్నెండో పేజీలో ఎడమచెయ్యి వాక్యం కింద కూడా హోటల్లో వింటూనే గీశాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, ఆ ఒక్క గీత చెరిపేశాను.